ప్రకృతి ఫొటోగ్రఫీ – ఐదో పాఠం: అందరూ తీసిన చోట మన ఫొటో

కిందటి పాఠంలో హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో వెలుగు నీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్, చదవడం నేర్చుకున్నాం. ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి ఎంత వెలుగు పంపాలన్నది) చేతికి వచ్చాక చాలామందికి కొత్త ఇబ్బంది ఒకటి మొదలవుతుంది. ఫొటోల్లో వంక పెట్టడానికి ఏమీ ఉండదు, కానీ ప్రతిదీ ఎక్కడో చూసినట్టే ఉంటుంది. ఊరు మారితే ఉత్సాహం తిరిగి వస్తుందని ప్రయాణం కడతాం. ప్రయాణం తప్పకుండా మేలు చేస్తుంది. అయితే వెళ్లబోయే చోటు ఫొటోలను ముందే ఫోనులో వందలకొద్దీ చూసి వెళితే, అక్కడ దిగగానే కళ్లు వాటినే వెతుకుతాయి. ఈ పాఠమంతా ఆ అలవాటును వదిలించుకోవడం గురించే.

గండికోటను ఉదాహరణగా తీసుకుందాం. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర, ఎర్రమల కొండలను పెన్నా నది నిలువునా కోసిన చోటు అది. అక్కడి ఫొటో అనగానే మీకు గుర్తొచ్చేది ఒకటే: సూర్యోదయం, అంచున బండలు, నడుమ నది, అంతా వైడ్ లెన్స్‌లో. ఆ ఫొటో మీరూ తీయండి. తీయకపోతే మనసు దాని చుట్టూనే తిరుగుతుంది. తీశాక వైడ్ లెన్స్‌ను సంచిలో పెట్టి జిప్పు వేయండి. అసలు పని అప్పుడే మొదలవుతుంది.

ముందు రాయిని తెలుసుకోండి. లోయ గోడల్ని చాలామంది గ్రానైట్ అనుకుంటారు. అది క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుక. పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి రాయి అయింది. అందుకే గోడ నిండా అడ్డంగా పొరలు, వాటిని నిలువుగా చీల్చే పగుళ్లు కనిపిస్తాయి. ఎవరో చదరపు దిమ్మెలను ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటుంది. ఈ సంగతి తెలిసిన మనిషి ఆ గోడను చూసే తీరే వేరు. అతను ఆకాశాన్ని, నదిని పక్కనపెట్టి ఒక్క గోడనే ఫ్రేము నిండా పట్టుకోగలడు. దూరాన్ని దగ్గరగా చూపే 70–200 మిల్లీమీటర్ల లెన్స్ ఉంటే ఎదుటి గోడలో ఒక ముక్కను ఎంచుకోండి. అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/8 లేదా ఎఫ్/11 చాలు. రంధ్రాన్ని ఇంకా బిగించి ఎఫ్/22కు పోతే వివర్తనం వల్ల, అంటే సన్నటి రంధ్రం దాటిన వెలుగు చెదరడం వల్ల, ఫొటో మొత్తం పదును తగ్గుతుంది. ఒక చోటు గురించి నాలుగు విషయాలు చదివి వెళ్లడం, అక్కడి ఫొటోలు నాలుగు వందలు చూసి వెళ్లడం కంటే ఎంతో మంచిదని నా గట్టి నమ్మకం.

ఇక వెలుగు. ఉదయం, సాయంత్రం తప్ప మిగతా వేళల్లో కెమెరా తీయకూడదనే నియమం మన ప్రకృతి చిత్రాలకు చాలా చెడు చేసింది. జనం అల్పాహారానికి వెళ్లే వేళకు ఎండ గోడ మీదుగా కిందికి జారుతుంటుంది. నీడ, వెలుగు కలిసే ఆ గీత నిమిష నిమిషానికీ చోటు మారుస్తుంది. ట్రైపాడ్ కదపకుండా అక్కడే ఉండి దాన్ని గమనించండి. మధ్యాహ్నం సూర్యుడు నెత్తిమీదికి వచ్చాక ముందుకు పొడుచుకొచ్చిన ప్రతి పొర కింది పొర మీద నీడ వేస్తుంది. అప్పుడు గోడ నలుపు తెలుపుల్లో అద్భుతంగా పలుకుతుంది. వాన పడితే ఇంకా మంచిది. తడిసిన రాయి ముదురు రంగుకు తిరుగుతుంది. లెన్స్ ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్‌ను నెమ్మదిగా తిప్పితే తడి మీది మెరుపు తగ్గి ఎరుపు బయటపడుతుంది. ఆ ఫిల్టర్ ఒకటి, రెండు స్టాపుల వెలుగును మింగుతుంది (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) కాబట్టి షట్టర్ వేగాన్ని చూసుకోండి. ఒక్క జాగ్రత్త: లోయ అంచున రక్షణ లేని చోట్లు చాలా ఉన్నాయి, తడి బండ జారుతుంది. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి ఒక్క అడుగు కూడా వేయకండి.

వెళ్లిన చోటుకే మళ్లీ వెళ్లడం కూడా ప్రయాణమే. అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1916లో, పద్నాలుగేళ్ల వయసులో, తొలిసారి కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయను చూశారు. ఆ తర్వాత జీవితమంతా అక్కడికి వెళ్తూనే ఉన్నారు. 1927లో అక్కడి హాఫ్ డోమ్ అనే భారీ శిలను నలుపు తెలుపుల్లో, పసుపు ఫిల్టర్‌తో తీశాక, తన మనసుకు తోచిన గాంభీర్యం అందులో రాదని ఆయనకు అనిపించింది. మిగిలిన ఒక్క గాజు ప్లేటుకు ముదురు ఎరుపు ఫిల్టర్ వాడారు. ఆకాశం దాదాపు నల్లగా మారి, ఆ శిల ఆయన అనుభవించినట్టే వచ్చింది. శిల అదే, చోటు అదే. తనకేం అనిపిస్తోందో ఆగి ఆలోచించుకోవడం వల్లనే ఆ రెండో ఫొటో పుట్టింది.

గండికోటలోనూ అలా ఆగడానికి తగినన్ని చోట్లు ఉన్నాయి. జుమ్మా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ ఆలయ గోపురం – వీటిని కట్టడాలుగా కాక, కొండ ముందు నిలిచిన ఆకారాలుగా చూడండి. గోపురాన్ని ఫ్రేములో చిన్నగా, ఒక మూలన ఉంచితే చుట్టూ ఉన్న నేల ఎంత విశాలమైనదో తెలుస్తుంది. నదిలో నీటిమట్టమూ ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి వెళితే రెండు వేర్వేరు లోయలను చూసినట్టుంటుంది.

ఈసారి అభ్యాసం ఇది. గండికోటకే వెళ్లనక్కర్లేదు, మీకు దగ్గరలో అందరూ ఫొటోలు తీసే గుట్ట, చెరువు ఏదైనా సరే. ఒక పూటంతా ఒకే ఫోకల్ లెంగ్త్ వాడండి, అంటే జూమ్ మార్చకండి. 85 మిల్లీమీటర్ల దగ్గర అయితే మేలు, ఫోను అయితే దూరాన్ని దగ్గరగా చూపే టెలీ కెమెరా. షట్టర్ నొక్కే ముందు, మిమ్మల్ని అక్కడ ఆపింది ఏమిటో చిన్న పుస్తకంలో ఒక్క వాక్యం రాయండి. ‘చాలా అందంగా ఉంది’ అని రాస్తే ఆ ఫొటో తీయకండి. ‘పగులులో మొలిచిన చెట్టు నీడ మూడు పొరల మీద విరిగింది’ అని రాయగలిగితే తీయండి. ఇంటికొచ్చాక ముందు వాక్యాలు చదివి, తర్వాత ఫొటోలు చూడండి. వాక్యంలో ఉన్నది ఫొటోలో లేకపోతే, ఫ్రేములో అనవసరంగా చేరినది ఏమిటో గుర్తించి అదే చోట మళ్లీ తీయండి.

వచ్చే పాఠంలో పొగమంచు. లంబసింగి, అరకు కొండల్లో తెల్లవారుజామున వెలుగును కొలిచే కెమెరా మీటరు ఎందుకు పొరబడుతుందో, ఎక్స్‌పోజర్‌ను ఎంత పెంచాలో చూద్దాం.