అమెరికా వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌లో అడుగుపెట్టే ముందు: పర్మిట్ జాగ్రత్తలు

• అలాస్కా తప్ప మిగతా రాష్ట్రాల్లో రెఫ్యూజ్ (వన్యప్రాణుల కోసం ప్రభుత్వం కాపాడే ప్రాంతం) అంతా మూసి ఉన్నట్టే లెక్క. దేనికి తెరిచామని చెప్పారో అది మాత్రమే చేయాలి. కాబట్టి మీరు వెళ్లే రెఫ్యూజ్ సొంత నిబంధనలు ముందే చదవండి.

• పక్షులను చూడటానికి, సరదా ఫొటోలకు మామూలుగా పర్మిట్ అక్కర్లేదు. ప్రవేశ రుసుము ఉన్నచోట చెల్లుబాటయ్యే డక్ స్టాంప్ (బాతుల వేటగాళ్లు కొనే ఫెడరల్ స్టాంప్) చూపిస్తే చాలు.

• డబ్బు తీసుకుని టూర్, ఫొటో వర్క్‌షాప్, చేపల వేట గైడింగ్ లాంటివి నడుపుతున్నారా? స్పెషల్ యూజ్ పర్మిట్ తప్పనిసరి. వ్యాపార పనులకు ఫారం 3-1383-సి. చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇదే. రెఫ్యూజ్‌ల గురించిన 1997 చట్టం ప్రకారం ఆ పని వన్యప్రాణుల రక్షణకు అడ్డు కాదని తేలాలి. కొత్త రకం పనైతే ప్రజల అభిప్రాయం కూడా అడుగుతారు. అందుకే రెఫ్యూజ్ ఆఫీసుతో మాట్లాడకుండా బుకింగ్‌లు తీసుకోకండి. ఇన్సూరెన్స్ కాగితాలూ అడగొచ్చు.

• పర్మిట్ లేకుండా డ్రోన్ ఎగరేయకండి.

• రాలిన ఈకైనా, ఊడిన జింక కొమ్మైనా తీసుకురావద్దు. పిల్లలకు ముందే చెప్పండి.

• గూళ్లు కట్టే కాలంలో దారులు మూసేస్తే బతిమాలకండి. బెదిరిన పక్షి గుడ్లను వదిలేసి పోతుంది.

• మంజూరైన పర్మిట్ కాపీ వెంట ఉంచుకోండి. అందులోని తేదీలు, హద్దులు దాటొద్దు.