ముందు చేస్తే పాడయ్యేవి, ఆలస్యమైతే అవ్వనివి: పెళ్లింటి పనుల లెక్క

లగ్నపత్రిక రాసుకున్న రోజు సాయంత్రమే ఒక తెల్లకాగితం తీసుకుని నిలువునా గీత గీయండి. ముందుగా మొదలుపెట్టకపోతే అవ్వని పనులు ఎడమవైపు: మగ్గం వర్క్ జాకెట్లు, పుస్తెలు, శుభలేఖలు. ముందే చేసిపెట్టుకుంటే పాడైపోయేవి కుడివైపు: గోరింటాకు, పారాణి, జీలకర్ర బెల్లం. పెళ్లింట్లో సగం కంగారు ఈ రెండు వరసలూ కలిసిపోవడం వల్లే వస్తుంది. మండపం, భోజనాలు, ఫొటోలకు డబ్బిస్తే చేసిపెట్టే వాళ్లున్నారు కాబట్టి వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

శుభలేఖ అచ్చుకు ఇచ్చే ముందు వధూవరుల పేర్లు పదో తరగతి మెమోలో, ఆధార్‌లో ఎలా ఉన్నాయో చూడండి. ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు వేయాలనుకుంటే పక్కన వేసుకోవచ్చు, అసలు పేరు మాత్రం మెమోలో ఉన్నట్టే ఉండాలి. తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో హిందూ వివాహ చట్టం కింద పెళ్లి రిజిస్టర్ చేయించేటప్పుడు ఫొటో, వయసు రుజువు, చిరునామా రుజువులతో పాటు ఈ శుభలేఖ కూడా అడుగుతారు. పెళ్లయ్యాక భార్యగానో భర్తగానో వీసా మీద విదేశం వెళ్లాలంటే సాధారణంగా ఆ సర్టిఫికెట్ అడుగుతారు. ఒక్క అక్షరం తేడా వచ్చినా తిరుగుడు తప్పదు.

జాకెట్టుతో మొదలు

మగ్గం వర్క్‌కు కనీసం ముప్పై రోజులు పెట్టుకోండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం నెలల్లో సాధారణంగా ముహూర్తాలుండవు. వాటి వెంటే వచ్చే శ్రావణం, మాఘం పెళ్లిళ్లన్నీ ఒక్కసారే దర్జీల మీద పడతాయి. ఆ నెలల్లో పెళ్లయితే ఇంకో పది రోజులు కలుపుకోవడం మంచిది.

చాలామందికి తెలియని వరస ఒకటుంది. ముందు దర్జీ కొలతలు తీసుకుని గుడ్డ మీద మెడ, చేతులు, వీపు గీస్తాడు. ఆ గీతల మీదే మగ్గం అతను కుడతాడు. ఆ తర్వాతే గుడ్డ కత్తిరించి జాకెట్టు కుట్టేది. అంటే పూస పడ్డాక మెడ లోతు, చేతి పొడవు మారవు. మెడ ఎంత ఉండాలన్న వాదన ఏదైనా ఉంటే అమ్మ, అత్తగారు, పెళ్లికూతురు గీత గీసే రోజే తేల్చుకోవాలి. చీరకు అంటుకుని వచ్చే జాకెట్టు గుడ్డ మామూలుగా 80 సెంటీమీటర్ల చిల్లర ఉంటుంది. మోచేతి దాకా చేతులు కావాలంటే చాలుతుందా లేదా అని కత్తెర పెట్టకముందే అడగాలి. చాలకపోతే అదే రంగు గుడ్డ వేరే కొనక తప్పదు.

దర్జీకి చెప్పాల్సినవి మూడు. లోపలి లైనింగు గుడ్డను ఒకసారి తడిపి ఆరేశాక కుట్టమనాలి, లేకపోతే మొదటి చెమటకే ముడుచుకుపోతుంది. రెండు పక్కలా అంగుళమైనా, వీలైతే రెండంగుళాలు, లోపలికి గుడ్డ వదిలి కుట్టమనాలి. పక్క కుట్ల దగ్గర పూసలు లేకుండా చూడమనాలి, ఎందుకంటే పూసకు తగిలితే సూది విరుగుతుంది, తర్వాత వదులు చేయాలన్నా వీలుకాదు.

ట్రయల్ పెళ్లికి పది రోజుల ముందు. అద్దం ముందు నిలబడి బాగుంది అనుకుంటే సరిపోదు. పీట మీద కూర్చుని, ఎదుటి మనిషి తలపై చెయ్యి పెట్టినట్టు చేతులు పైకెత్తి ఐదు నిమిషాలు ఉండమనండి. జీలకర్ర బెల్లం సమయంలో ఉండేది ఆ భంగిమలోనే. చంక దగ్గర బిగిస్తే అప్పుడే తెలుస్తుంది. పెళ్లికూతురు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి వారం ముందు వచ్చేటట్టయితే వీడియో కాల్‌లో చెప్పిన కొలతలు నమ్మొద్దు. ఈ మధ్య కుట్టించుకున్న, సరిగ్గా సరిపోయే జాకెట్టు ఒకటి ఎవరి చేతనైనా పంపించమనండి. చీరకు ఫాల్, పీకో, కొంగు కుచ్చులు కూడా ఈలోపే అయిపోవాలి.

పెళ్లికొడుకు పని తేలికే, కానీ గంజి పెట్టిన కొత్త పంచె నడుం మీద నిలవదు. లోపల బెల్టు కట్టించి, బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవడం రెండుసార్లు అలవాటు చేయించండి. మెట్టెలు, పుస్తెలు కూడా ఎడమవైపు వరసలోవే. మెట్టెల కొలత సాయంత్రం పూట తీసుకోవాలి, వేళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి. పుస్తెలు ఇంటికి రాగానే పైనున్న రింగులోంచి పసుపుతాడు దూరుతుందో లేదో చూడండి. సన్న గొలుసుకు సరిపోయే రింగు పెట్టి ఇస్తారు, తాడు దూరదు, ఆ సంగతి పెళ్లిపీటల మీద బయటపడుతుంది. తాడును పసుపులో ముంచి ముందురోజే పూర్తిగా ఆరబెట్టాలి. తడిగా ఉంటే పట్టుచీర మీద మరక ఖాయం.

పసుపు దంచడం

పంతులుగారు చెప్పిన రోజున ఐదుగురో, ఏడుగురో, తొమ్మిదిమందో ముత్తయిదువులు కలిసి దంచుతారు. రోకలికి మామిడాకు, పసుపుకొమ్ము కట్టడం మామూలే. ఇక్కడ పొరపాటంతా కొమ్ములతోనే. అవి రాయిలా ఉంటాయి, దెబ్బకు ఎగిరి పక్కింట్లో పడతాయి. ముందు రెండు రోజులు ఎండబెట్టి, చిన్న ముక్కలుగా చితక్కొట్టి ఉంచుకోండి. శాస్త్రానికి పిడికెడు కొమ్ములు చాలు. మిగతా అరకిలో మరపట్టించిన పసుపే తెచ్చి అందులో కలిపేస్తారు. అపార్టుమెంట్లో రోలు లేకపోతే అరువు తెచ్చుకోవడమే దారి. కింద గోనెపట్టా మడిచి వేస్తే కింది అంతస్తు వాళ్లు తలుపు కొట్టరు.

తలంబ్రాలు

మూడు కిలోల బియ్యం తీసుకుంటే ఒక్కొక్కరికి పది దోసిళ్ల దాకా వస్తాయి. పోటీ పడి పోసుకునే జంటయితే ఐదు కిలోలు. పాత బియ్యం తీసుకుని నూకలు లేకుండా జల్లించండి. కిలోకు రెండు చిన్న చెంచాల నెయ్యి కరిగించి గోరువెచ్చగా ఉండగా గింజలకు పట్టించాలి. ఆ తర్వాత 20 గ్రాముల పసుపు. ముందు పసుపు, తర్వాత నెయ్యి వేస్తే ఉండలు కడుతుంది. నీళ్లతో కలిపే ఇళ్లూ ఉన్నాయి. అలాగైతే నీడలో పూర్తిగా ఆరాకే డబ్బాలో పోయాలి, తేమతో ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే రెండు రోజులకే ముక్కవాసన.

సరిగ్గా కుదిరిందో లేదో చూడాలంటే తెల్ల చేతిరుమాలు మీద గుప్పెడు వేసి, నిమిషం ఉంచి దులపండి. గింజలన్నీ జారిపోయి లేత పసుపు నీడ మాత్రమే మిగిలితే బాగున్నట్టు. గింజలు అంటుకుంటే నెయ్యి ఎక్కువైంది, ఇంకో అరకిలో బియ్యం కలపండి. రుమాలు ముద్దపసుపు అయితే పసుపు ఎక్కువైంది, జల్లెడ పట్టండి.

రంగురంగుల థర్మోకోల్ గుండ్లు కలపడం ఇప్పుడు ఫ్యాషన్. ఫొటోలో బాగానే ఉంటాయి. కానీ అవి చీరకు, జుట్టుకు అతుక్కుని దులిపితే రావు, తలంబ్రాల తర్వాత ఉండేది హోమం. నిప్పు దగ్గరకు దొర్లినవి కరిగి పొగ కంపు కొడతాయి. మెరుపు కావాలంటే కాసిని ముత్యాలు చాలు. భద్రాచలం రాములవారి కల్యాణంలో వాడేది అవే కదా. అతిథులకు ఇచ్చే అక్షింతలు వేరుగా కలపండి, మనిషికి చిటికెడు చొప్పున కిలో బియ్యం మూడు వందల మందికి వస్తుంది.

చివరి మూడు రోజులు

గోరింటాకు ముహూర్తానికి రెండు రోజుల ముందు పెట్టాలి. ముద్ద తీసిన వెంటనే నారింజ రంగే ఉంటుంది, ముదరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ముందురోజు రాత్రి పెడితే పీటల మీద కూడా నారింజే. ముద్ద ఆరేడు గంటలు ఉంచి, నీళ్లు తగలకుండా గీరి తీసి, మర్నాటి దాకా చేతులు తడవకుండా చూసుకోవాలి. నూనె, పసుపు ఉన్న చర్మానికి రంగు పట్టదు. అందుకే అదే రోజు పెళ్లికూతుర్ని చేస్తుంటే నలుగు, మంగళస్నానం పొద్దున్నే ముగించి, చేతులు సబ్బుతో కడిగి సాయంత్రం కోను పట్టాలి. పది నిమిషాల్లో నల్లగా పండుతుందనే కోన్లు ఇంట్లోకి రానివ్వకండి. వాటిలో ఉండేది జుట్టుకు వేసే రంగు రసాయనం, కొందరికి బొబ్బలెక్కిస్తుంది. కొత్త ఫేషియల్, బ్లీచ్ ప్రయోగాలు కూడా చివరి పది రోజుల్లో వద్దు.

పారాణి వేసే ముందే కలపాలి. రెండు చెంచాల పసుపుకు శనగగింజంత తాంబూలం సున్నం, నాలుగు చుక్కల నీళ్లు. రంగు తిరగకపోతే సున్నం మరో పిసరు. ఎర్రగా రావాలని ఎక్కువ వేస్తే కాళ్లు మండుతాయి, మడమ పగుళ్లుంటే మరీను.

పంతులుగారి సామాన్ల చీటీని రెండు వైపుల వాళ్లూ ఒకేరోజు ఫోన్‌లో చదువుకుని, ఎవరు ఏది తేవాలో ఎదురుగా రాసుకోండి. తర్వాత షాపువాడు కట్టినట్టు కాకుండా తంతు వారీగా వేరే సంచుల్లో సర్దండి: గౌరీపూజ, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, హోమం, నాగవల్లి. సంచులన్నీ ఒక్క మనిషి చేతిలో, పిన్నో మేనత్తో, ఫొటోలకు పిలిచినా కదలని మనిషి దగ్గర ఉండాలి. మంగళసూత్రం ఎవరూ మర్చిపోరు. మండపంలో అందరూ కలిసి వెతికేది అగ్గిపెట్టె, కత్తెర, చిల్లర నాణేలు.

జీలకర్ర బెల్లం

రాత్రి ముహూర్తమైతే మధ్యాహ్నం, పగటి ముహూర్తమైతే ఆ తెల్లవారుజామున నూరాలి. ముందురోజు నూరితే బెల్లం చెమ్మ పీల్చి నీరవుతుంది, ఫ్రిజ్‌లో పెడితే బయటకు తీయగానే చెమరుస్తుంది. 50 గ్రాముల జీలకర్ర వేయించకుండా కచ్చాపచ్చాగా దంచి, అంతే బరువు గట్టి బెల్లం తురిమి కలిపి నూరండి. నీళ్లు ఒక్క చుక్క కూడా వద్దు. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పాలి, వేడెక్కితే పాకంలా సాగుతుంది. ఉండ చేసి బొటనవేలితో నొక్కితే గుంట నిలవాలి, వేలికి అంటకూడదు. ఉసిరికాయంత ఉండలు మూడు చేయండి, రెండు తమలపాకుల్లోకి, ఒకటి కింద పడితే వాడటానికి.

పూలజడ వేసే అమ్మాయికి నడినెత్తిన మూడు వేళ్ల వెడల్పు ఖాళీ ఉంచమని, అక్కడ పిన్ను, స్ప్రే లేకుండా చూడమని ముందే చెప్పాలి. స్ప్రే కొట్టిన జుట్టులో బెల్లం ఇరుక్కుంటే అట్ట కడుతుంది. పెళ్లయ్యాక పొడిగా దువ్వొద్దు. ముందు మగ్గుడు గోరువెచ్చటి నీళ్లు నెమ్మదిగా పోస్తే బెల్లం కరిగిపోతుంది. అప్పుడు పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో జీలకర్ర లాగేసి, చివర్న తలంటు పోయండి. పెళ్లికొడుక్కీ ఇదే పద్ధతి.