చూపు లేని పెద్దవాళ్లకు వ్యాయామం: డాబా మీది తాడు నుంచి పార్కు దాకా

చూపు పోయాక చాలామంది పెద్దవాళ్లు నడక మానేస్తారు. కాళ్లలో సత్తువ లేక కాదు, అడుగు ఎక్కడ పడుతుందో తెలియక. తోడు దొరికిన రోజు నడక, దొరకని రోజు మంచం అన్నట్టు సాగితే కొద్ది నెలలకే లేచి నిలబడటం కూడా కష్టమవుతుంది. అందుకే ముందు ఇంట్లోనే, ఎవరి కోసమూ ఎదురుచూడకుండా చేసుకునే ఏర్పాటు ఒకటి ఉండాలి. పార్కు, జిమ్ ఆ తర్వాత.

మొదలుపెట్టే ముందు కంటి డాక్టరును ఒక్క మాట అడగండి: "నా కంటికి ఏ కదలిక పనికిరాదు?" నీటికాసులు (గ్లకోమా) ఉన్నవాళ్లు శీర్షాసనం, సర్వాంగాసనం లాంటి తలకిందుల ఆసనాలు వెయ్యకూడదు. కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. షుగర్ వల్ల రెటీనా (కంటి లోపలి పొర) బాగా దెబ్బతిన్నవాళ్లు ఊపిరి బిగబట్టి బరువులెత్తితే కంటి లోపల రక్తం చిమ్మే ప్రమాదం ఉంది. చూపు ఎలాగూ పోయింది కదా, ఇంకేం పోతుందిలే అనుకోవద్దు. వెలుగు, చీకటి తేడా తెలిసేంత చూపు మిగిలినా అది నడకలో ఎంతో అక్కరకొస్తుంది. విజయవాడ వాళ్లయితే తాడిగడపలో ఉన్న ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో చూపు పునరావాస సేవల గురించి, తెల్లకర్రతో నడవడం నేర్చుకోవడం గురించి అడగవచ్చు.

ఎంత చెయ్యాలి అంటే, 65 ఏళ్లు దాటినవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ఇది: వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మాదిరి శ్రమ, కనీసం 2 రోజులు కండరాల బలానికి, 3 రోజులు ఒంటి నిలకడకు. మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేనంత ఆయాసం వస్తే అది ఒక మాదిరి శ్రమ. చూపు లేనివాళ్లు ఈ మూడింటిలో నిలకడకే ముందు చోటివ్వాలి. మనిషిని పడకుండా నిలబెట్టేవి మూడు: కళ్లు, లోపలి చెవి, పాదాల స్పర్శ. కళ్లు లేవు. షుగర్‌తో పాదాలు కూడా మొద్దుబారితే ఇక భారమంతా చెవి మీదే.

నిలకడకు వంటగట్టు చాలు. గట్టు అంచు రెండు చేతులా పట్టుకుని, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనించి 10 సెకన్లు నిలబడాలి. పాదాలు మార్చి మళ్లీ. సులువయ్యాక ఒక చెయ్యి, తర్వాత రెండు వేళ్లు, సమయం 30 సెకన్ల దాకా. చెయ్యి పూర్తిగా వదిలేయాలన్న పట్టుదల వద్దు, వేలి కొస ఆనినా చాలు.

కాళ్ల బలానికి కుర్చీలోంచి లేచి కూర్చోవడాన్ని మించింది లేదు. కుర్చీ ఎత్తు 17, 18 అంగుళాలుండాలి, కుర్చీ వీపు గోడకు ఆనాలి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది, వాడొద్దు. లేచి నిలబడ్డాక పిక్కలు కుర్చీకి తగులుతూనే ఉండాలి. చాలామంది తెలియకుండానే ఒక అడుగు ముందుకేసి, కుర్చీ అక్కడే ఉందనుకుని కూర్చుంటారు. పడేది అక్కడే. మొదట 5 సార్లు, రెండు వారాలకు 10.

నిలబడిన చోటే కాళ్లు ఎత్తి వేస్తుంటే కూడా ఒక చిక్కుంది. చూపు ఆసరా లేకపోతే ఒళ్లు మెల్లగా పక్కకు తిరిగిపోతుంది, ఆ సంగతి మనకు తెలియదు. అడుగున రబ్బరున్న డోర్‌మ్యాట్ మీద నిలబడితే అంచు పాదానికి తగిలి చెబుతుంది. ఎదురుగా ఒకే చోట రేడియో పెట్టుకుంటే మొహం ఎటుందో కూడా తెలుస్తుంది. రేడియోను ఇంట్లోవాళ్లు కదపకూడదు.

ఇక నడక. డాబా మీదో, అపార్ట్‌మెంట్ కారిడార్లోనో రెండు స్తంభాల మధ్య లావుపాటి నైలాన్ తాడు నడుము ఎత్తున బిగించి కట్టండి. పిట్టగోడ లేని డాబా అయితే ఈ ఆలోచనే వద్దు. గోడ ఉన్నా తాడు దానికి కనీసం ఒక మీటరు ఎడంగా ఉండాలి. రెండు చివర్లకూ మీటరు ముందు ఒక్కో గుడ్డముక్క ముడివేస్తే, చేతికి ముడి తగలగానే ఆగి తిరగొచ్చు. తాడును గుప్పిట బిగించొద్దు, చర్మం కోసుకుపోతుంది. చెయ్యి దాని మీద తేలిగ్గా జారాలి. రెండు ముడుల మధ్య 10 మీటర్లుంటే, 20 సార్లు వెళ్లొస్తే 400 మీటర్లు. లెక్కకు ఒక జేబులో 20 చింతగింజలు వేసుకుని, వెళ్లొచ్చినప్పుడల్లా ఒకటి రెండో జేబులోకి మార్చండి. వాడేకొద్దీ తాడు వదులవుతుంది, వారానికోసారి బిగించాలి.

తాడు బాగున్నా డాబా మోసం చేస్తుంది. ఎండబెట్టిన మిరపకాయల పట్టా, వడియాల మంచం, ఎవరో వదిలేసిన బకెట్ దారిలో ఉంటాయి. అన్నిటికంటే ప్రమాదం బట్టలారేసే తీగ. తెల్లకర్ర నేల మీది వస్తువునే పడుతుంది, మెడ ఎత్తులో ఉన్న తీగను పట్టదు. ఆ తీగను వేరే వైపుకు మార్చండి. అంచు ముందుకొచ్చిన టోపీ పెట్టుకుంటే నుదుటి ఎత్తులో ఉన్నదేదైనా మొహానికంటే ముందు అంచుకు తగులుతుంది.

తోడు మనిషి దొరికితే బయటికి వెళ్లండి, అది మనసుకూ మంచిది. తోడొచ్చే మనవడైనా, పక్కింటావిడైనా మీ రెక్క పట్టుకుని ముందుకు నెట్టకూడదు. మీరే వాళ్ల మోచేతికి కాస్త పైన పట్టుకుని అర అడుగు వెనక నడవాలి. వాళ్ల ఒళ్లు పైకి లేస్తే మెట్టు ఎక్కాలని, దిగితే దిగాలని మీ చేతికే తెలుస్తుంది. ఇరుకు దారిలో వాళ్లు ఆ చేతిని వీపు వెనక్కి తీసుకుంటే మీరు సరిగ్గా వాళ్ల వెనక్కి రావాలి. మెట్టొచ్చిందనడం చాలదు, పైకో కిందికో చెప్పాలి. రోడ్డు పక్క ఫుట్‌పాత్‌ల మీద బళ్లుంటాయి, కాలవ పలకలు లేచి ఉంటాయి. కాలవ గట్ల వెంట రెయిలింగ్ తెగిన చోట్లుంటాయి. విజయవాడలో రాజీవ్ గాంధీ పార్కు, ఇందిరాగాంధీ స్టేడియం లాంటి, వాహనాలు తిరగని చోట్లు చూసుకోండి. అక్కడ అందరూ నడిచే వైపే నడవండి. ఎండాకాలంలో పొద్దున ఆరున్నరలోపు ముగించాలి, రోహిణి కార్తెలో డాబా కూడా అంతే.

జిమ్‌లో ట్రెడ్‌మిల్ కన్నా సైకిలే మేలు, కిందపడే భయం తక్కువ. మీటలు వేలికి తగిలేవిగా ఉండాలి. తెర మీద తాకి నొక్కేవైతే మరొకటి చూసుకోండి. ఆన్ చేసే మీట మీద జిమ్ వాళ్లనడిగి లావుపాటి స్టిక్కర్ బొట్టు అంటిస్తే ఎవరినీ పిలవక్కర్లేదు. యోగా నేర్పేవాళ్లు "ఇలా పెట్టండి" అంటే మనకు పనికిరాదు. "కుడి అరచెయ్యి ఎడమ మోకాలి మీద పెట్టండి" అని చెప్పగలిగినవాళ్ల దగ్గరే చేరండి. చేరేముందు ఒక ఆసనం అలా మాటలతో చెప్పించుకుని చూడండి.

ఇన్సులిన్‌గానీ, షుగర్ బాగా దించే మాత్రలుగానీ వాడేవాళ్లు బయల్దేరే ముందు పరీక్ష చేయించుకోండి. 100 కంటే తక్కువుంటే కాస్త తిని మొదలుపెట్టాలి. జేబులో మూడు చెంచాల పంచదార పొట్లం ఉంచుకోండి. చేతులు వణికినా, చెమటలు పట్టినా వెంటనే నోట్లో వేసుకుని కూర్చోవాలి. గుండెలో బరువు, తల తిరగడం, కంట్లో ఉన్నట్టుండి మెరుపులు కనిపిస్తే ఆ రోజుకు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పాదాలు మొద్దుబారినవాళ్లు ఇంట్లో కూడా బూట్లతోనే చెయ్యాలి. అలాంటివాళ్ల పాదానికి మ్యాట్ అంచు సరిగా తెలియదు, రేడియోనే గుర్తుగా పెట్టుకోవాలి. తొడుక్కునే ముందు లోపల చెయ్యి పెట్టి రాయి, ముడత ఉన్నాయేమో తడమండి. విప్పాక వేళ్ల సందుల దాకా ఇంట్లో ఎవరో ఒకరు రోజూ చూడాలి. స్పర్శ లేని పాదానికి బొబ్బ లేచినా నొప్పి తెలియదు, మీకు కనపడదు కూడా.