లోకల్ మత్తు ఇచ్చాక పల్స్ మారితే: ఎప్పుడు మారింది, ఎటు మారింది?

సూది గుచ్చకముందే పల్స్, బీపీ రాసిపెట్టుకోండి. భయంతోనే పల్స్ 105 ఉన్న మనిషికి తర్వాత 110 కనిపిస్తే అది మందు పని కాదు. మానిటర్ బీప్ వినిపించేలా పెట్టండి. చేతులు పనిలో ఉన్నప్పుడు మార్పును ముందుగా పట్టేది చెవే.

డోసు బరువును బట్టి లెక్కకట్టాలి. 2 శాతం లిగ్నోకెయిన్ (మామూలుగా వాడే లోకల్ మత్తు మందు)లో మి.లీ.కు 20 మి.గ్రా. మందు ఉంటుంది. ప్లెయిన్ (అడ్రినలిన్ కలపనిది) అయితే కిలోకు 4.5 మి.గ్రా., అడ్రినలిన్ (రక్తనాళాలను బిగించి, గుండె వేగం పెంచే మందు) కలిపినదైతే 7 మి.గ్రా. దాటొద్దు. అంటే 50 కిలోల మనిషికి ప్లెయిన్ మందు 11 మి.లీ. దగ్గరే ఆగిపోవాలి. బ్లాక్ (నరం చుట్టూ మత్తు) ఇచ్చేటప్పుడు ప్రతి 3–5 మి.లీ.కు ఆగి, సిరంజి వెనక్కి లాగి చూడండి. రక్తం రాలేదని ధీమా పడొద్దు. సూది మొనకు రక్తనాళం గోడ అతుక్కుంటే, సూది నాళంలోనే ఉన్నా రక్తం రాదు.

అడ్రినలిన్ కలిపిన మందు ఇచ్చిన నిమిషంలోపే పల్స్ 20 లేదా అంతకుమించి పెరిగిందంటే, మందు నాళంలోకి వెళ్లిందనే అనుకోండి. వెంటనే ఆపేయండి. ఎపిడ్యూరల్ (వెన్నుపాము పొర బయట ఇచ్చే మత్తు)లో 15 మైక్రోగ్రాముల అడ్రినలిన్‌తో టెస్ట్ డోసు ఇచ్చేది దీన్ని పట్టడానికే. బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడేవాళ్లలో పల్స్ కదలకపోవచ్చు, బీపీ మీద కన్నేయండి. అలా కాక మెల్లగా, కొద్దిగా పెరిగితే కణజాలం నుంచి అడ్రినలిన్ రక్తంలోకి చేరుతున్నట్టు. గుండె దడగా ఉందంటారు. ధైర్యం చెబుతూ కనిపెట్టుకుని ఉంటే చాలు, కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది.

పల్స్ పడిపోతే మాత్రం ఇంకా జాగ్రత్త. ముఖం పాలిపోయి, చెమటలు పట్టి, బీపీ కూడా తగ్గితే సాధారణంగా అది వేసోవేగల్ (భయం, నొప్పి వల్ల వచ్చే సొమ్మ). పడుకోబెట్టి కాళ్లు ఎత్తండి, పల్స్ పెరగకపోతే అట్రోపిన్ (పల్స్ పెంచే మందు) 0.6 మి.గ్రా. సిరలోకి ఇవ్వండి. ప్రొప్రనొలాల్ అనే బీటా బ్లాకర్ వాడే మనిషికి అడ్రినలిన్ పడితే బీపీ ఎగబాకి, దానికి ప్రతిస్పందనగా పల్స్ తగ్గుతుంది. అక్కడ అట్రోపిన్ ఇస్తే బీపీ ఇంకా పెరుగుతుంది. అందుకే బీపీ చూడకుండా ఆ ఆంప్యూల్ విరగ్గొట్టొద్దు. స్పైనల్ (వెన్నులో ద్రవంలోకి ఇచ్చే మత్తు) తర్వాత పల్స్, బీపీ రెండూ జారుతుంటే మత్తు ఛాతీ పైభాగం దాకా ఎక్కిందేమో చూడండి. గుండెను వేగంగా కొట్టించే నరాలు వెన్నుపాములో ఛాతీ పైభాగపు టీ1–టీ4 స్థాయుల దగ్గరే ఉంటాయి.

పెదాల చుట్టూ తిమ్మిరి, చెవిలో హోరు, నోట్లో లోహపు రుచి, ఆపై ఫిట్స్, పల్స్ నెమ్మదించి ఈసీజీలో క్యూఆర్ఎస్ (గుండె కింది గదుల సంకేతం చూపే అల) వెడల్పవడం: ఇది మందు విషప్రభావం. బ్యుపివకెయిన్ అనే మరో లోకల్ మత్తు మందుతో ముందు లక్షణాలేవీ లేకుండానే గుండె ఆగిపోవచ్చు. సాయానికి పిలవండి, ఆక్సిజన్ పెట్టండి, ఫిట్స్‌కు మిడజోలమ్ ఇవ్వండి. 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (సిరలోకి ఎక్కించే కొవ్వు ద్రావణం) కిలోకు 1.5 మి.లీ. చొప్పున 2–3 నిమిషాల్లో ఎక్కించి, తర్వాత నిమిషానికి కిలోకు 0.25 మి.లీ. నడపండి. గుండె ఆగితే అడ్రినలిన్ డోసు కిలోకు 1 మైక్రోగ్రాము మించొద్దు. లయ తప్పిందని మళ్లీ లిగ్నోకెయిన్ ఇవ్వొద్దు. బ్యుపివకెయిన్ గుండె సోడియం చానెళ్లను (విద్యుత్ సంకేతాలను నడిపే ద్వారాలను) అంత తేలిగ్గా వదలదు కాబట్టి సీపీఆర్ గంట దాటినా ఆపొద్దు. గుండె కోలుకున్నాక కూడా 4–6 గంటలు మానిటర్ తీయొద్దు.