మూపు మీద కూర్చున్న పేరు

ట్రెక్కింగ్ బ్యాగులు కుట్టించడం మొదలుపెట్టాక పేరు దగ్గరే మూడు నెలలు ఆగిపోయాను. మొదట ‘అరకు ట్రెక్’ అనుకుని లేబుళ్లు కూడా నేయించేశాను, తొందరపాటు! ఊరి పేరుకి సరుకు ఏమిటో చెప్పే మాట కలిపితే 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం 9వ సెక్షన్ కింద అభ్యంతరం రావచ్చని తర్వాత తెలిసింది. సరే, ‘శిఖర్’ అన్నాను. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్లో వెతికితే దగ్గరి పేర్లు అప్పటికే ఉన్నాయి. అక్కడ సరుకుల్ని రకాన్ని బట్టి క్లాసులుగా విడదీస్తారు: బ్యాగులకు 18వ క్లాసు, గుడారాలకు 22, బట్టలకు 25; రేపు ఏవి అమ్ముతామో వాటన్నిటిలోనూ చూడాలి.

చివరికి పేరు మా టైలర్ నోటి నుంచి వచ్చింది. శాంపిల్ బ్యాగు నా వీపుకి తగిలించి, పట్టీ రెండు వేళ్ల మందం బిగించి, “ఇప్పుడు మూపు మీద సరిగ్గా కూర్చుంది బాబూ” అన్నాడు.

మూపు! ఆ సాయంత్రమే ఐదుగురికి ఫోన్ చేసి, ఒక్కసారే చెప్పి, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి పంపమన్నాను. నలుగురు రెండు ‘ఓ’లతో రాశారు. పుణెలో ఉండే ఫ్రెండ్ మాత్రం ‘యు’ పెట్టాడు. ఆ స్పెల్లింగ్ ఉన్న డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) కూడా కొనేశాను. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు నా సొంత పేరున ఆన్‌లైన్లో వేశాను, క్లాసుకి 4,500 రూపాయలు.

పాత లేబుళ్ల కట్ట ఇంకా అటక మీదే ఉంది.