పెళ్లిళ్ల సీజన్‌కు ముందు డీజేలు తీసుకోవలసిన జాగ్రత్తలు

శ్రావణ ముహూర్తాలు దగ్గర పడుతున్నందున, కన్సోల్ ముందు నిలబడేవారు వీటిని ముందే సరిచూసుకోవాలి.

• మానిటర్‌తో (డీజే వినడానికి పక్కన పెట్టే స్పీకర్‌తో) పోటీగా హెడ్‌ఫోన్ శబ్దం పెంచకండి. 85 డెసిబెల్స్ వద్ద 8 గంటలు వినవచ్చనే ప్రమాణంలో, ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ వ్యవధి సగమవుతుంది కనుక 100 వద్ద మిగిలేది 15 నిమిషాలే. పోయిన వినికిడి తిరిగి రాదు. మానిటర్‌నే తగ్గించండి.

• మానిటర్‌ను చెవి ఎత్తులో, దగ్గరగా పెట్టించండి. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, 17 మీటర్ల దూరంలోని పెద్ద స్పీకర్లను విని బీట్ కలిపితే దాదాపు 50 మిల్లీసెకన్లు వెనకబడతారు. అప్పుడు రెండు పాటల కిక్కులు (డ్రమ్ దెబ్బలు) ఒక్కటిగా పడక, గుర్రపు డెక్కల్లా విడివిడిగా వినిపిస్తాయి.

• బ్లూటూత్ హెడ్‌ఫోన్ వద్దు, అందులోనూ ఆలస్యం ఉంటుంది.

• బాస్ ఎంత ఉండాలో హెడ్‌ఫోన్‌ను బట్టి తేల్చుకోకండి. సౌండ్ చెక్‌లో ఒక పాట పెట్టి, హాలు మధ్యలోకీ గోడ పక్కకీ నడిచి వినండి. రెండుచోట్లా తేడా మీకే తెలుస్తుంది.

• హెడ్‌ఫోన్‌ను మిక్సర్‌కు కలిపే 6.35 మిల్లీమీటర్ల జాక్ అడాప్టర్ ఇంకొకటి జేబులో ఉంచుకోండి. వేలెడంత ఆ ముక్క ముందు వాడిన మిక్సర్‌లోనే ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను.