లెవెల్ ట్యూబులో నీళ్లు సమంగా నిలవకపోతే

దూరంగా ఉన్న రెండు చోట్ల ఒకే ఎత్తున గీత గీయడానికి వాడే, లోపలి నీరు కనిపించే గొట్టమే లెవెల్ ట్యూబు. దాన్ని నీటితో నింపి రెండు కొసలూ పైకెత్తి పట్టుకుంటే, రెండు వైపులా నీళ్లు ఒకే మట్టంలో నిలవాలి. ఒకవైపు నీరు ఎత్తుగా ఉంటే అడుగున ఆ వైపు ఒత్తిడి ఎక్కువ. ఆ తేడా పోయేదాకా నీరు రెండోవైపుకు జరుగుతుంది. గొట్టం ఎన్ని మెలికలు తిరిగినా ఇది మారదు. మట్టం కుదరలేదంటే నేను ముందు అనుమానించేది నీటిని కాదు, గాలిని.

సమస్య: మట్టాల మధ్య తేడా ఎంతసేపైనా పోదు

దాదాపు ప్రతిసారీ కారణం బుడగే. అలాగని ప్రతి బుడగా దోషి కాదు. గొట్టం గోడకు అంటుకుని, పక్కనుంచి నీటికి దారి వదిలిన చిన్న బుడగతో ఏ ఇబ్బందీ లేదు. గొట్టాన్ని పూర్తిగా మూసేసిన బుడగైనా, నేలమీద పరుచుకున్న భాగంలో ఉన్నంతసేపూ పట్టించుకోనక్కర్లేదు. అదే బుడగ నిలువు భాగంలోకి ఎక్కిందంటే చిక్కే. అది 3 సెంటీమీటర్ల పొడవున నిలబడితే అక్కడ అంత నీటి బరువు లేనట్టే. ఆ లోటు పూడ్చడానికి ఆ వైపు మట్టం 3 సెంటీమీటర్లు పైన ఆగుతుంది.

పరిష్కారం: గొట్టాన్ని ఒక కొస నుంచి కొద్దికొద్దిగా పైకెత్తుతూ, వేలితో తడుతూ బుడగను రెండో కొసదాకా తరమాలి. అసలు నింపేటప్పుడే జాగ్రత్తపడితే ఈ తిప్పలు ఉండవు. బకెట్టును ఎత్తులో పెట్టి, ఒక కొసను నీటిలో ముంచి, రెండో కొస నుంచి తెగని ధార వచ్చేదాకా పారనివ్వాలి.

సమస్య: ఒక కొస ఎత్తినా రెండోవైపు నీరు కదలదు

గొట్టం ఎక్కడో మడతపడి ఉండాలి, లేదా అవతలి మనిషి నీళ్లు ఒలుకుతాయని బొటనవేలు అడ్డుపెట్టి, తీయడం మరిచిపోయి ఉండాలి. నా అనుభవంలో రెండోదే ఎక్కువ. కొలిచేటప్పుడు రెండు కొసలూ తెరిచే ఉండాలి.

సమస్య: నీరు పైకీ కిందికీ ఊగుతోంది

ఇది లోపం కాదు. 20 మీటర్ల నీటి స్తంభం ఒక ఊపుకు సుమారు 6 సెకన్లు తీసుకుంటుంది. ఊగడం ఆగాకే గీత గీయాలి.

సమస్య: కొద్ది మిల్లీమీటర్ల తేడా

ఒకవైపు ఎండ, మరోవైపు నీడ ఉన్నాయేమో చూడండి. వేడినీరు తేలిక. నిలువు భాగం మీటరు ఎత్తుండి, ఒకవైపు నీరు 30 డిగ్రీలు, రెండోవైపు 45 డిగ్రీలు ఉంటే 5 మిల్లీమీటర్లకు పైగా తేడా వస్తుంది. గొట్టాన్ని నీడలోకి లాగి, నీటిని ఒకసారి అటూ ఇటూ పారించి కలపాలి. కొసలకు వేర్వేరు లావుల నాళికలు తగిలించినా మోసమే: లోపలి వ్యాసం 1 మిల్లీమీటరు ఉన్న శుభ్రమైన గాజు నాళికలో నీరు దానంతటదే సుమారు 30 మిల్లీమీటర్లు పాకుతుంది. రెండు కొసలూ ఒకే లావువి వాడాలి, నీటి ఉపరితలపు గుంటలో అడుగును చూసి చదవాలి.

సమస్య: అదే గొట్టంతో తొట్టి ఖాళీ చేస్తుంటే ధార మధ్యలో తెగుతుంది

బయటి కొస తొట్టిలోని నీటిమట్టం కంటే కిందే ఉందా? ఉంటే, తొట్టి అంచు దాటే వంపు దగ్గర చిల్లు వెతకండి. అక్కడ లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తక్కువ. అందుకే చిల్లులోంచి నీరు కారదు, గాలే లోపలికి దూరుతుంది. తడి కోసం వెతికితే దొరకదు, చెవి దగ్గర పెట్టి వినాలి. చిల్లు పడ్డ ముక్కను కోసేసి, మళ్లీ నిండుగా నింపి మొదలుపెట్టండి.